భోజ్‌పురి భయ్యా ఇంటి తిట్లపాట

మా భయ్యా పోయాడు. మూడు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున, నేను చాయ్ వడగడుతుండగా ఫోనులో ఆయన కూతురి గొంతు వచ్చింది. "ఫూఆ, బాబూజీ నా రహలన్." అత్తా, నాన్న ఇక లేరు. మనవరాలికి కథ చెబుతూ పడుకున్నవాడు తెల్లవారి లేవలేదట. సొంత ఊరు, సొంత మంచం. పొయ్యి ఆపి, వంటింటి అలమర తలుపు తెరిచి, లోపల అంటించుకున్న దేవుడి పటం ముందు నిలబడ్డాను. ఏడుపు వెంటనే రాలేదు. మంచి మనిషికి మంచి పోకడ ఇచ్చావు స్వామీ అని మాత్రం అనుకున్నాను.

పదో రోజున ఆ పిల్ల మళ్ళీ ఫోను చేసింది. ఈసారి తన భర్త తండ్రి గురించి. ఆయన ఇక్కడే, కువైట్‌లోనే, సబ్హాన్‌లో ఒక గోదాములో పని చేస్తాడు. "కబురు తెలిసినప్పటి నుంచి సరిగా తినడం లేదంట ఫూఆ. మేము ఫోను చేస్తే ఊఁ అని పెట్టేస్తున్నాడు. నాన్న అక్కడ ఉంటే కూర్చోబెట్టి తినిపించేవాడు. ఇప్పుడు నువ్వే పెట్టాలి."

పదమూడో రోజు కర్మ దాటిన శుక్రవారం పిలుస్తానని మాట ఇచ్చాను. మాట ఇచ్చాను కానీ, ఆ పెద్దమనిషి చేత అన్నం తినిపించడం అంత తేలిక కాదని నాకు ముందే తెలుసు. ఎట్లా తెలుసో చెప్పాలంటే భయ్యా గురించి చెప్పాలి.

మాది రాజంపేట వైపు పల్లె. ఐదుగురిలో నేను పెద్దదాన్ని. ఊహ తెలిసినప్పటి నుంచి అక్కనే. కువైట్ వచ్చాక కూడా, నాకంటే ముందు పుట్టినవాళ్ళు సైతం నన్ను అక్కా అనే పిలుస్తారు. పదకొండేళ్ళ కిందట అర్దియాలో ఈ ఇంట్లో వంటకు చేరిన రోజున, గేటు పక్క గది ముందు పొడుగాటి మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. భుజాన ఎర్ర గళ్ళ తువ్వాలు. ఇంటి డ్రైవరు. నా సంచి అందుకుని, "కా హో బహినీ, ఏ ఊరు?" అన్నాడు. బహినీ అంటే చెల్లెలు. నలభై దాటాక మొదటిసారి ఒక మనిషి నన్ను చెల్లెలా అన్నాడు. సంచి మోయనివ్వాలా వద్దా అని కూడా తోచక అట్లాగే నిలబడిపోయాను.

ఆయన మాటల్ని నేను తెలుగులో రాస్తున్నాను. ఆయన మాట్లాడింది సగం హిందీ, సగం తన భాష. తన భాష ఆయన నాకు నేర్పలేదు. వంటింటి కిటికీ అవతల నిలబడి ఇంటికి ఫోను చేసేవాడు. వినీ వినీ నాకు వచ్చేసింది.

ఇక్కడివాళ్ళు ఇండియా నుంచి వచ్చిన అందరినీ హిందీ అంటారు. ఇంటి పెద్దాయన, మేము బాబా అని పిలిచే ఆయన, అట్లాగే అనేవాడు. భయ్యా వదిలేవాడు కాదు. "బాబా, ఈమె తెలుగు. నేను భోజ్‌పురి." బాబా నవ్వి, "యల్లా, కారు తియ్" అనేవాడు. మరుసటి రోజు మళ్ళీ హిందీ, మళ్ళీ ఇదే జవాబు. ఏళ్ళ తరబడి ఆ ఇద్దరికీ అదొక ఆట.

"భోజ్‌పురి అంటే ఏంది భయ్యా, ఊరా?" అని ఒకసారి అడిగాను.

"మాట. ఆ మాట మాట్లాడే మనుషులు. మాది బీహార్‌లో సివాన్ జిల్లా. కానీ నది దాటి అటు పోయినా మా మాటే. అందుకే మాకు ఊరు పెద్దది."

తన ఒక్కడి గురించి చెప్పేటప్పుడు కూడా 'హమ్' అనేవాడు, మేము అని. "మేము తిన్నాం", "మేము పడుకుంటాం." గదిలో ఉండేది ఒక్కడే. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన వెనకాల ఇంకా పదిమంది చెప్పులు విడుస్తున్నట్టు ఉండేది నాకు.

కువైట్‌కు ముందు బొంబాయిలో టాక్సీ తోలాడు. అక్కడ భయ్యా అంటే పిలుపు కాదనీ, ఉత్తరాది నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడా అన్న ఎగతాళి అనీ చాలా కాలానికి చెప్పాడు. నా ప్రాణం చివుక్కుమంది.

"మరి ఇన్నేండ్లూ మేమందరం అట్లనే పిలిస్తిమి గదా. ఒక్కసారన్నా చెప్పకూడదా?"

"నువ్వు పళ్ళెం చేతిలో పట్టుకుని పిలుస్తావు బహినీ. దానికీ దీనికీ పోలికేంటి?" అని, పళ్ళెం అందుకుని తన గదికి వెళ్ళిపోయాడు.

ఆ ఎర్ర గళ్ళ తువ్వాలును గమ్‌ఛా అంటారు వాళ్ళు. దుమ్ము గాలి లేస్తే అదే ముఖానికి. ఎండకు స్టీరింగు కాలితే అదే దాని మీద. ఖర్జూరాలు తెస్తే అదే మూట. సాయంత్రం ఉతికి ఆరేసేందుకు ఏసీ ఊచ నుంచి గేటు కొక్కేనికి తనే ఒక తీగ కట్టాడు. వేయించిన శనగల పిండి, వాళ్ళు సత్తూ అంటారు, దాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిరప, ఆవనూనె కలిపి ముద్ద చేసి నాకూ ఒకటి పంపేవాడు. నేను రాగి సంగటి చేసిన రోజు ఆయనకు పంపేదాన్ని. మొదటిసారి నమిలి నమిలి, దవడలు నొప్పి పుట్టి వచ్చాడు. నమలకూడదు, మింగాలి అని చెబితే, "అన్నం కూడా మీ దగ్గర పరీక్షే" అన్నాడు.

ఇంకొకటి. పొద్దున్నే పిల్లల్ని బడికి దింపే కారు మా వంటింటి కిటికీ కిందే ఉంటుంది. నేను అలమర తెరిచి కళ్ళు మూసుకుని నిలబడేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ ఎప్పుడూ చప్పుడు ఉండేది కాదు. ఆ వేళ అంతే అనుకున్నాను. ఒక ఏడు ఆయన సెలవు మీద పోయి వేరే డ్రైవరు వచ్చాడు. పటం ముందు నిలబడ్డానో లేదో, ఇంజిను మోత, హారను, పాటలు. రెండో రోజూ అంతే. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఒక మనిషి తాళం చెవి చేతిలో పట్టుకుని, నేను అలమర తలుపు మూసే చప్పుడు కోసం కింద కాచుకుని కూర్చున్నాడు. ఆయన తిరిగి వచ్చాక అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఖైతాన్‌లో భోజ్‌పురి వాళ్ళ మంగలి షాపు ఒకటి ఉంది. శుక్రవారం క్షౌరానికి వచ్చేవాళ్ళ కంటే మాటలకు వచ్చేవాళ్ళు ఎక్కువ. అక్కడే, పక్కపక్క కుర్చీల్లో, మెడకు గుడ్డ కట్టించుకుని, ముఖం నిండా నురగతో ఇద్దరు తండ్రులు పిల్లల పెళ్ళి అనుకున్నారు. ఒకరు భయ్యా. రెండోవారు సబ్హాన్ గోదాము ఆయన.

తీరా లగ్నం పెట్టుకున్నాక బాబాకు ఆపరేషన్ పడింది. రోజూ ఆసుపత్రికి తిప్పాలి. బాబా వేరే ఎవరి చేయి పట్టుకుని కారు దిగడు. సెలవు ఆగింది. గోదాము ఆయనకు ఇఖామా, ఇక్కడ ఉండే అనుమతి కాగితం, రెన్యువల్‌లో ఉంది, దేశం దాటే వీలు లేదు. లగ్నం ఆగదు. ఊళ్ళో భయ్యా అన్నగారు కన్యాదానం చేశాడు. ఇద్దరు తండ్రులూ ఫోనుల్లో చూశారు.

ఆ తర్వాతి శుక్రవారం భయ్యా వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బహినీ, నాకొక సాయం కావాలి. మావైపు సమధీ వచ్చి ఆడపిల్ల తండ్రి ఇంట్లో అన్నం తింటేనే చుట్టరికం కుదిరినట్టు." సమధీ అంటే వియ్యంకుడు. "ఊళ్ళో నేనూ లేను, ఆయనా లేడు. ఆ ముద్ద ఇక్కడే పడాలి. తినకుండా లేచాడంటే ఆ మాట ఊరికి పోతుంది. అత్తింట్లో నా బిడ్డ తల ఎత్తుకోలేదు."

మామా, అంటే ఇంటావిడ, సరే అంది. గేటు పక్క గదిలో చాప పరిచాం. అన్నం, పప్పు, నెయ్యి, ఆలుగడ్డ కూర, అప్పడాలు, పుల్ల మజ్జిగలో శనగపిండి ఉండలు వేసి కాచిన కఢీ. సాయానికి ఖైతాన్‌లో ఉండే మా చెల్లెలు వచ్చింది. పక్కింట్లో పిల్లల్ని చూసుకునే రాయచోటి ఆమె కూడా వచ్చింది. ఉర్దూ బాగా వచ్చు కదా, మాటసాయానికి ఉంటుందని నేనే రమ్మన్నాను.

సమధీ వచ్చాడు. పొట్టిగా, గుండ్రంగా, మడతల గీతలు పోని కొత్త చొక్కాతో. మీసానికి రంగు వేసుకుని వచ్చాడు. మా ఇంటికి వియ్యంకుడు వస్తే ఎట్లా చూస్తామో అట్లాగే చూశాను. తల దించుకుని వడ్డించాను. గొంతు ఎత్తలేదు. నవ్వు వస్తున్న చెల్లెల్ని కళ్ళతోనే ఆపాను. గిన్నె గరిటె తగిలిన చప్పుడు కూడా కానివ్వలేదు. "తినండి" అని చెప్పి గోడవారగా నిలబడ్డాను.

ఆయన తినలేదు. చేయి కడుక్కున్నాడు, బాసింపట్టు వేసుకున్నాడు, పిడికిలి మోకాలి మీద పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నెయ్యి పేరుకుంటోంది.

"అలిగినాడక్కా" అంది చెల్లెలు నా చెవిలో.

"ఉప్పు చాలలేదేమో."

"ముట్టందే ఉప్పు సంగతి ఎట్ల తెలుస్తాది ఆ మనిషికి?"

చివరికి సమధీ నోరు తెరిచాడు. "ఇల్లు బాగా నిశ్శబ్దంగా ఉంది" అన్నాడు భయ్యాతో. "పరాయి ఇంటికి వచ్చామేమో అనిపిస్తోంది."

భయ్యా ముఖం పాలిపోయింది. మమ్మల్ని బయటికి పిలిచాడు. "నాదే తప్పు. చెప్పడం మరిచిపోయాను. మావైపు సమధీ అన్నానికి కూర్చుంటే ఆడవాళ్ళు గారీ పాడాలి."

"గారీ అంటే?"

"తిట్లక్కా" అంది రాయచోటి ఆమె, చేయి నోటికి అడ్డం పెట్టుకుని. "తిట్లపాట."

"వియ్యంకుణ్ణి తిట్టేదా? అన్నం పెట్టినంక?"

"పెట్టేటప్పుడే" అన్నాడు భయ్యా. "తిట్టకపోతే మనలో కలుపుకోలేదని అర్థం. నువ్వు అంత మర్యాద చేశావు కదా బహినీ, దానికి నొచ్చుకున్నాడు."

తలుపు సందులోంచి చూశాను. నా మర్యాద అంతా చల్లారి ఆ పళ్ళెంలో ఉంది.

మొదట భయ్యానే ప్రయత్నం చేశాడు. గమ్‌ఛా తల మీద కప్పుకుని సన్న గొంతుతో ఏదో ఎత్తుకున్నాడు. సమధీ తల అడ్డంగా ఊపాడు. "నువ్వు తిడితే అది కొట్లాట. ఆడవాళ్ళు తిడితేనే గారీ." భయ్యా గమ్‌ఛా తీసి చేతిలో నలుపుతూ నా వైపు చూశాడు. ఆ చూపులో ఆయన కూతురు ఉంది.

నేను ఎవరినీ తిట్టి ఎరగను. తమ్ముళ్ళను పెంచాను, అప్పుడు కూడా అరవలేదు. పైగా నాకు పాటంటే శనివారం భజనలు తప్ప రావు. ఇంకో వరుస తెలియదు. కళ్ళు మూసుకున్నాను. స్వామీ, ఈ ఒక్క పూట నీ వరుస నాకు అప్పు ఇయ్యి, నా నోటి వైపు చూడొద్దు, అనుకున్నాను. లోపలికి పోయి, భజన వరుసలోనే ఎత్తుకున్నాను.

"గోదాములో ఎలక వచ్చె, సమధీ వచ్చె
మూటలన్నీ కొరికి కొరికి పొట్ట పెంచె
మీసానికి రంగు వేసె, సమధీ వేసె
ముక్కుకంతా అంటుకుంటే చూడ మరచె"

చెల్లెలు వంత పాడింది. పాడిందనేది నా మాట, సగం నవ్వే. రాయచోటి ఆమె "తోబా తోబా" అంటూనే ఖాళీ నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని వాయించింది. సమధీ చెవి ఒగ్గి విన్నాడు. "ఏమంటోంది?" అని అడిగాడు. రాయచోటి ఆమె ఉర్దూలో చెప్పింది. నేను నాలుగు మాటలు పాడితే ఆమె పది చెప్పింది. నేను అనని బట్టతల కూడా అందులో ఉంది.

సమధీ ముక్కు తడుముకుని వేలు చూసుకున్నాడు. నిజంగానే రంగు ఉంది.

"బాగానే ఉంది" అన్నాడు గంభీరంగా. "కానీ మా అక్కను ఎందుకు వదిలేశారు?"

"ఆమె ఏం చేసింది పాపం?" అన్నాను.

"ఏమీ చేయలేదు. ఊళ్ళో ఉంది. రేపు ఫోను చేసి, నన్నేమని తిట్టారు అని అడుగుతుంది. నేనేం చెప్పాలి?"

అప్పుడు ఆ అక్కగారి మీద కూడా ఒక చరణం కట్టాను. అది ఇక్కడ రాయను. సమధీ పిడికిలి విప్పాడు. అన్నం మధ్యలో గుంట చేసి, పప్పు కోసం పళ్ళెం ముందుకు జరిపాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. భయ్యా గుమ్మంలో నిలబడి గమ్‌ఛా కొస పళ్ళతో పట్టుకుని, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రోజు నుంచి సమధీ నన్ను సమధిన్ అంటాడు. వియ్యపురాలా అని. ఆ పిల్ల నన్ను ఫూఆ అనడం కూడా ఆ రోజు నుంచే. పాట ఊరికి పోయింది, ఫోనులో. ఆ అక్కగారు విని చాలా సంతోషించిందట.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే భయ్యా వచ్చి పక్కన నిలబడి గ్లాసులు తుడిచాడు. "బహినీ, నా ఇంటి ఆడబిడ్డ పని నువ్వు చేశావు" అన్నాడు. అంతే అన్నాడు. ఆయనా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మాటలాటలు బాబాతోనే.

బాబా పోయాక, పోయిన చలికాలంలో భయ్యా ఊరికి తిరిగిపోయాడు. "ఖలాస్ బహినీ. ఇంక మనవరాలితో ఆడుకుంటాం మేము" అన్నాడు. పెట్టె కట్టేటప్పుడు కారు తాళం చెవి కొత్త డ్రైవరు చేతికి ఇచ్చి, వంటింటి కిటికీ వైపు చూపించి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు. మర్నాడు పొద్దున ఆ ఐదు నిమిషాలు చప్పుడు లేదు. ఇవాళ్టికీ లేదు.

పదమూడో రోజు దాటిన శుక్రవారం సమధీ వచ్చాడు. చిక్కిపోయాడు. మీసానికి రంగు లేదు. తెల్లగా ఉంది. ఆయన భుజాన కూడా గమ్‌ఛా ఉంది, అట్లాంటి ఎర్ర గళ్ళదే. వంటింటి మెట్టు దగ్గర, గేటు గదికి ఎదురుగా చాప వేశాను. అవే వండాను. అన్నం, పప్పు, నెయ్యి, ఆలుగడ్డ కూర, కఢీ. చేయి కడుక్కుని కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

చేయి పళ్ళెం మీదికి రాలేదు. పిడికిలి మోకాలి మీదే ఉంది. గోడకేసి చూస్తున్నాడు.

"కాస్త తిను సమధీ. పిల్ల దిగులు పడుతోంది."

"ఆకలి లేదు సమధిన్. వాడు లేడు కదా. ఇప్పుడు నేనెవరి ఇంట్లో తింటున్నాను?"

నెయ్యి పేరుకుంటోంది. నాకు గారీ గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినందుకు సిగ్గేసింది. శుభకార్యంలో పాడే పాట అది. మనిషి పోయి ఇంకా నెల కాలేదు. వంటింట్లోకి పోయి అలమర తెరిచి నిలబడ్డాను. తప్పో ఒప్పో అడిగాను. జవాబు వచ్చిందని చెప్పను. చప్పుడు లేని ఇల్లు పరాయి ఇల్లని ఆయనన్న మాట ఒక్కటే మనసులో తిరిగింది. తలుపు మూసి బయటికి వచ్చాను. డబ్బా లేదు, వంత లేదు. మెల్లగా, భజన వరుసలోనే ఎత్తుకున్నాను.

"గోదాములో ఎలక వచ్చె, సమధీ వచ్చె
అన్నమెదుట అలిగి కూచుండె, సమధీ కూచుండె"

ఆగి, మళ్ళీ అందుకున్నాను.

"పైనుండి భయ్యా చూసె, పళ్ళు కొరికె
నా బిడ్డ మామ వీడా అని నవ్విపోయె"

ఆయనకు తెలుగు రాదు. ఈసారి విడమరిచి చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. సమధీ అన్న మాట తెలుసు, భయ్యా అన్న మాట తెలుసు. తల తిప్పి నా వైపు చూశాడు. కళ్ళ నీళ్ళు ఆ తెల్ల మీసంలోకి దిగుతున్నాయి. తుడుచుకోలేదు.

"మా అక్కను మళ్ళీ వదిలేశావు" అన్నాడు.

"ముందు నువ్వు తిను. ఆమె సంగతి తర్వాత చెప్తా."

పిడికిలి విప్పాడు. అన్నం మధ్యలో గుంట చేశాడు. పళ్ళెం ముందుకు జరిపాడు.

పప్పు పోశాను. నెయ్యి పోశాను. ఆయన తింటుండగా ఆ అక్కగారి చరణం పాడాను, ఈసారి కూడా ఇక్కడ రాయను. రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ పిల్లకు ఫోనులో ఒక్క మాటే చెప్పాను, "తిన్నాడమ్మా" అని.

వెళ్ళేముందు కుళాయి దగ్గర చేయి కడుక్కుని, గమ్‌ఛాతో తుడుచుకుని, తడిగా ఉందని భయ్యా కట్టిన తీగ మీద ఆరేశాడు. చూసి ఆరేయలేదు. చేయి దానంతట అదే పోయింది. బస్సు వేళ అవుతోందని తొందరపడి గేటు దాటాడు, దాని సంగతి మరిచిపోయాడు. నేను కేక వేయలేదు. వచ్చే శుక్రవారం వస్తాడు కదా. తీగ మీద ఎర్ర గళ్ళు ఎండకు ఆరి, గాలికి కాస్త ఎగిరి, మళ్ళీ నిదానంగా సర్దుకుంటున్నాయి.